ధర్మాసుపత్రి తలుపులు

ఆ పేటలో తలుపుల మేస్త్రి అంటే తెలియనివాళ్ళు లేరు. బడి తలుపులు ఆయనవే, కచేరీ తలుపులు ఆయనవే, వంతెన పక్కన కాపలా గది తలుపూ ఆయనదే. గాలివానకి పైకప్పులు లేచిపోయిన ఏడు కూడా ఆయన బిగించిన రెక్క ఒక్కటీ ఊడలేదు. సర్కారువారు పెద్దాసుపత్రి కట్టినప్పుడు వార్డుల తలుపులన్నీ ఆయన చేతి మీదుగానే లేచాయి. ఒకరి ముందు చెయ్యి చాచకుండా బతికానన్నది ఆయన గొప్ప. ఆ గొప్పే కొంప ముంచింది.

భార్యకి గుండెలో కవాటం పాడైంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పెద్దాసుపత్రిలో ఎవరికైనా ఊరికే ఆపరేషన్ చేస్తారనీ, అది సర్కారు అందరికీ ఇచ్చిన హామీ అనీ బావమరిది చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. కానీ పేటలో పెద్దవాళ్ళంతా దాన్ని ధర్మాసుపత్రి అంటారు. మేస్త్రి గొంతులో ఆ మాట ముల్లులా ఇరుక్కుంది.

“మీ అక్కని ధర్మానికి పడుకోబెట్టమంటావేంట్రా?”

“పడుకోబెట్టేది మంచం మీద బావా, నీ మీసం మీద కాదు.”

మేస్త్రి వినలేదు. ప్రైవేటువాళ్ళ అద్దాల ఆసుపత్రిలో చేర్పించాడు. ముందు తండ్రి ఎండబెట్టి దాచి ఇచ్చిన కలప పోయింది. ఇంకా పరీక్షలున్నాయన్నారు, కోత మిషను పోయింది. ఆఖరికి పని చేసుకునే షెడ్డే పోయింది. మిషనూ షెడ్డూ కొన్నది వీధి చివర కుర్చీలు చేసేవాడు, ఒకప్పుడు ఈయన దగ్గరే చిత్రిక పట్టడం నేర్చుకున్నవాడు. ఆపరేషన్ దగ్గరపడేసరికి అమ్మడానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు. కట్టలేకపోతే తీసుకెళ్ళండని అక్కడివాళ్ళు మర్యాదగానే చెప్పారు.

ఆటోలో భార్య ఆయన భుజం మీద తల వాల్చి, ఊపిరి కూడదీసుకుని అడిగింది.

“పెద్దాసుపత్రికి తలుపులు చేసినప్పుడు నీకు కూలిచ్చారా, ధర్మం చేశారా?”

“కూలే ఇచ్చారు.”

“ఎవరి డబ్బయ్యా అది?”

“జనం కట్టిన పన్నులది.”

“మేకులు కొన్నప్పుడల్లా మనమూ కట్టాం కదా. మరి నా మంచం ధర్మం ఎట్లా అయింది?”

ఆటో ఆగగానే ఆమెని మెల్లగా దింపి నడిపించాడు. పెద్దాసుపత్రి వార్డు తలుపు తోశాడు. కిర్రుమని కూడా అనకుండా తెరుచుకుంది. ఆయన పనితనం అలాంటిది.

ఆపరేషన్ చేశారు, మందులిచ్చారు, పైసా అడగలేదు. ఆమె బతికింది. కానీ ఆలస్యంతో గుండె బాగా నీరసించిందనీ, ఇక బిందెడు నీళ్ళు కూడా ఎత్తకూడదనీ డాక్టరమ్మ చెప్పింది. మేస్త్రి ఇప్పుడు తన షెడ్డులోనే, తన మిషను మీదే, కుర్చీలవాడికి రోజుకూలికి చెక్కలు కోస్తున్నాడు. వాడు మంచివాడే, ఇప్పటికీ మేస్త్రీ అనే పిలుస్తాడు. అదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

మొన్న భార్య మందుల కోసం ఆ వార్డు ముందు వరసలో నిలబడ్డాడు. ముందున్న ముసలాయన వెనక్కి తిరిగి, ధర్మాసుపత్రి మందులు పనిచేస్తాయా అని అడిగాడు.

మేస్త్రి తలుపు రెక్క మీద చెయ్యి వేశాడు. “ఆ పేరు పెట్టి పిలవకు పెద్దాయనా. నా షెడ్డు మింగింది ఆ పేరే.”

ముసలాయనకి అర్థం కాలేదు. వరస ముందుకు జరిగింది.