ఖాళీ తొట్టెల

కాశమ్మక్కకు కూడా భయం ఉంటుందని, ఆ పాత సామాను కొట్లో కాలు పెట్టేదాకా నాకు తెలియదు.

ఇబ్రహీంపట్నం బస్టాండు పక్కన చేపల గంప పెట్టుకుని కూర్చునే మనిషి ఆమె. బేరమాడి కొనకుండా పోయేవాణ్ని వెనక్కి పిలిచి మరీ తిట్టేది. గంప తీయమని పోలీసాయన లాఠీ ఊపుకుంటూ వస్తే, "చేపలు కొంటె కొను, లేకుంటె గాలికి అడ్డం రాకు, జరుగు" అనేది. పెద్ద చెరువు ఎండిపోయి, దాని మీద బతికిన ఇళ్లవాళ్లు పట్నం నుంచి ఐసు డబ్బాల్లో చేపలు తెచ్చుకుని అమ్ముకునే గతి పట్టిన ఏళ్లవి. దానికీ ఆమె ఏడవలేదు. మొగుడు బుగ్గయ్య పోతే, దినాలు కాగానే గంప నెత్తికెత్తుకుంది. మా రెండిళ్లూ గోడకు గోడ. బజార్లో ఆమె గంప పక్కనే నా కుట్టుమిషన్. పొద్దున ఆమె తిట్లు చెవిన పడకపోతే నాకు పని సాగేది కాదు.

ఆమెకు ఒక్కడే కొడుకు, ఐలేష్. ఆటో నడిపేవాడు. కోడలు సింధుకు రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నెల తప్పినప్పటి నుంచి కాశమ్మక్క ఆ పిల్లను బిందె ముట్టనీయలేదు, వంగి ముగ్గు వేయనీయలేదు. "ఈసారన్న నిలుస్తదా?" అని ఎవరైనా నోరు జారితే వాళ్ల ఏడు తరాలనూ లేపేది. అంత నోరున్న మనిషి కోడల్ని మాత్రం పల్లెత్తు మాట అనేది కాదు. కూర మాడినా, పాలు పొంగిపోయినా సరే. అదెందుకో నాకు అర్థమయ్యేది కాదు.

సాగర్ రోడ్డు పొడుగునా ప్లాట్ల జెండాలు పాతుతున్న రోజులవి. ఎవరిని చూసినా మట్టి ఇల్లు కూలగొట్టి స్లాబు వేయడమే. కూలిన ఇళ్ల దర్వాజలు, స్తంభాలు అన్నీ పరమేశ్వర్ కొట్టుకు చేరేవి. అంతకుముందు వాడు పాత ఇనుము కొనేవాడు. పట్నంవాళ్లు కార్లేసుకొచ్చి విరిగిన తిరుగలి రాయి కూడా ఎత్తుకుపోవడం మొదలయ్యాక బోర్డు మార్చి 'యాంటిక్స్' అని రాయించాడు. మన అవ్వలు వాడి మూలన పడేసిన వాటికి వార్నిష్ పూస్తే అవి గొప్పవైపోతాయట! నాకు ఒళ్లు మండేది.

మా మహిళా సంఘం లీడరు అరుణకు మాత్రం మండలేదు. వాళ్లాయన ప్లాట్లు అమ్మిపెట్టి కొత్త ఇల్లు కట్టాడు. "మీర్‌పేట్ల మా ఆడిబిడ్డ ఇంట్ల చూసిన. పాత తలుపును పండబెట్టి టీ బల్ల చేసిన్రు. మస్తున్నది. నాకు గట్లనే కావాలె. కాశమ్మక్కా, నువ్వొస్తెనే వాడు ధర దిగుతడు" అని వెంటపడింది. పరదాల కొలతలకు నన్ను రమ్మంది. ఆ పొద్దున సింధును దవాఖానలో చూపించి వస్తుండగానే మమ్మల్ని పట్టుకుంది. నలుగురం ఐలేష్ ఆటోలో ఎక్కాం.

మొదట రోడ్డు మీది కొట్లు తిరిగాం. గాజు దీపాలు, ప్లాస్టిక్ తీగలు, నిలువెత్తు మట్టి గుర్రాలు. అరుణకు కనపడిందల్లా కావాలి.

"గుర్రమెక్కి ఏడికి వోతవే? నీ మొగనికి బండున్నది గద!" అంది కాశమ్మక్క.

సింధు నవ్వింది. ఆ పిల్ల నవ్వగా చూసి ఎన్ని నెలలైందో. కోడలు నవ్విందని కాశమ్మక్కకు హుషారెక్కి కొట్టువాణ్ని ఇంకో రెండు తిట్టింది.

ఆఖరుకు పరమేశ్వర్ షెడ్డుకు పోయాం. పట్టపగలు కూడా లోపల మసక. దర్వాజలు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టాడు. వాటి గడపల మీద ఎవరింటి ఆడవాళ్లు పూసిన పసుపో, ఇంకా పోలేదు. ఓ గోడకు పాత ఫోటోలు. ఎవరి తాతలో, ఎవరి అవ్వలో, వాళ్లనూ అమ్మకానికి పెట్టాడు పుణ్యాత్ముడు. నాకు ఎందుకో అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

షెడ్డు మధ్యలో దూలానికి ఇత్తడి గొలుసులతో చెక్క పెట్టె ఒకటి వేలాడుతోంది. గొలుసులకూ అంచులకూ ప్లాస్టిక్ ఆకుల తీగలు చుట్టి ఉన్నాయి. లోపల ఏమీ లేదు.

"పూలకుండీలు పెట్టుకునేదక్కా. హాల్ల కడితె ఇంటికే కళ" అన్నాడు పరమేశ్వర్.

"గొలుసులు ఆగుతయా?" అంది అరుణ.

"ఊపి చూస్తె తెలుస్తది" అంటూ కాశమ్మక్క గంపలు మోసిన చేత్తో ఒక్క తోపు తోసింది. పెట్టె ఇటు నుంచి అటు పెద్దగా ఊగింది. ఊగుతుంటే ఆకుల్లోంచి టకటకమని చప్పుడు. చూస్తే గొలుసుకు కట్టిన చెక్క చిలకలు. రంగు వెలిసిపోయి, ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి.

కాశమ్మక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పరమేశ్వర్, గిది తొట్టెల గదరా?"

"అవ్ అక్కా, పసిపిల్లలను పండబెట్టే పాత తొట్టెలనే. ఇప్పుడు గిట్ల వాడుతున్నరు."

ఖాళీ తొట్టెల ఊపితే ఊపినవాళ్ల ఇంటి పసిబిడ్డకు కీడని మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేను చర్చికి పోయేదాన్ని. ఇలాంటివి నమ్మొద్దని పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పారో. నమ్మను కూడా. అయినా రెండడుగులు వెనక్కేశాను. తొట్టెల ఊగుతూనే ఉంది. కాశమ్మక్క ఎగిరి దాన్ని రెండు చేతులా వాటేసుకుని ఆపింది. వెనక్కి తిరిగితే ఆ ఫోటోల గోడ కింద సింధు, పొట్ట మీద చెయ్యేసుకుని ఇటే చూస్తోంది.

"నడువుండ్రి, నడువుండ్రి" అంటూ కాశమ్మక్క నా రెక్క పట్టుకుని బయటికి లాగింది. బేరం చెడిందని అరుణ గొణుక్కుంటూ వచ్చింది. సింధు మాత్రం కాస్త ఆలస్యంగా వచ్చింది. అరచేతికి అంటిన దుమ్ము కొంగుకు తుడుచుకుని ఆటో ఎక్కింది.

"ఏమైందే అవ్వా?" అన్నాడు ఐలేష్.

"ఏం కాలే. ముంగట చూసి నడుపు."

మర్నాడు బస్టాండు దగ్గర కాశమ్మక్క ఎవణ్నీ తిట్టలేదు. ఈగలు ముసురుతున్నా గంప మీద గోనె కప్పలేదు. మిషన్ ఆపి వెళ్లి పక్కన కూర్చుంటే అప్పుడు చెప్పింది. ఇన్నేళ్లు గోడకు గోడ ఉండి నాకు తెలియని సంగతి.

"ఐలేష్‌కు ముంగట నాకు ఇద్దరు పుట్టిన్రు సుసన్నా. పెండ్లయి వచ్చిన కొత్తల, మా ఆడిబిడ్డ కొడుకు తొట్టెల ఖాళీగుంటె ఊకెనే ఊపిన. చిన్న పోరిని, నాకేమెర్క? మా అత్త చూసింది. నా తొలుసూరు పిల్ల తల్లి మొఖం గుర్తుపట్టకముందె పాయె. రెండోడు గూడ పాయె. పండుగొచ్చినా, లడాయి అయినా మా అత్తది గదొక్కటే మాట. నీ చేతులే మింగినయ్, నీ చేతులే మింగినయ్. సచ్చేదాక అన్నది."

నేను గోనె అందుకుని గంప మీద కప్పాను.

"గా మాట ఎట్లుంటదో నాకెర్క. గందుకే సింధును ఎన్నడు ఒక్క మాట అనలే. ఇప్పుడు మళ్ల గదే చెయ్యి!" అని ఆ చేతుల్ని ఎవరివో అన్నట్టు చూసుకుంది.

ఆ సాయంత్రమే ఇంట్లోంచి రోట్లో నూరే పొత్రం తీసుకుని, బుగ్గయ్య పాత ధోవతిలో చుట్టింది. మా దగ్గర పురుడు నాడు బిడ్డను వేసేముందు తొట్టెలలో పొత్రం రాయి పండబెడతారు, తొట్టెల ఖాళీ అనిపించుకోకుండా. అది తీసుకుపోయి పరమేశ్వర్ షెడ్డులో ఆ తొట్టెలలో పెట్టింది. తోడుగా నేనూ పోయాను. నమ్మనివాళ్లు అలా పోతారా అని నన్నడగొద్దు.

"గంత భయమైతె కొనుక్కపో అక్కా" అన్నాడు వాడు.

"పుట్టకముందే ఇంట్లకు తొట్టెల తెస్తరారా? నీకు పిల్లలు లేరా?"

అదీ ఆమె చిక్కు. తాను ఊపిన తొట్టెల ఇక ఎవరు ఊపినా కీడు తన ఇంటికేనని ఆమె భయం. అక్కడ వదిలేస్తే ఎవరో ఒకరు ఊపుతారు, ఇంటికి తెచ్చుకుంటే అదింకో కీడు. ఇక రోజూ గంప నెత్తిన పెట్టుకుని ముందు ఆ షెడ్డుకు పోయేది. రాయి ఉంటే నెమ్మదించేది. ఎవరైనా తీసి కింద పెడితే మళ్లీ పెట్టి, సింధు ఎట్లుందో చూడమని నన్ను ఇంటికి తరిమేది. "బిడ్డ కదులుతున్నదటనా? అడిగినవా?" ఇదే ప్రశ్న. మనిషి సగమైపోయింది. సింధుకు మాత్రం ఏమీ చెప్పనీయలేదు.

ఒకనాడు పోతే తొట్టెల లేదు. దూలానికి గొలుసు కొక్కేలే ఉన్నాయి.

"అరుణక్క కొనుక్కపోయింది, రాయితోని సహా" అన్నాడు పరమేశ్వర్. పాతకాలపు రాయని చెప్పి దానికీ ధర కట్టాడట, దొంగముఖం వాడు!

అరుణ కొత్త ఇంట్లో దిగే రోజున కాశమ్మక్కతో పోయి చూద్దును గదా, హాలు నడిమధ్యన అదే తొట్టెల. కాశమ్మక్క పొత్రమేమో తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టింది మహాతల్లి. "తెల్వదానె నీకు?" అని మీదికి పోయాను. "మా ఇంట్ల పసిపిల్లలు ఎవరున్నరక్కా? గది షో కోసం" అంది. వచ్చిన చుట్టాల పిల్లలు చిలకలు మోగుతున్నాయని వంతులేసుకుని ఊపుతున్నారు.

కాశమ్మక్క పిల్లలను తోసేసి, స్టూలు లాక్కుని తొట్టెల పక్కన కూర్చుంది. గొలుసు గట్టిగా పట్టుకుంది. భోజనాల బంతులు లేస్తున్నాయి, కూర్చుంటున్నాయి, ఆమె కదలదు. ముసలామెకు ఏమైందని చుట్టాలు గుసగుసలు. ఇంట్లో ఉండమన్న సింధు కూడా అత్త ఎంతకీ రాలేదని వెతుక్కుంటూ వచ్చింది. ఎనిమిదో నెల. అడుగు తీసి అడుగేయలేకపోతోంది.

"లెవ్వు అత్తమ్మా, తిందువు రా."

"నాకు ఆకలైతలేదు బిడ్డ. నువ్వు తిను. నేనీడ్నే ఉంట."

సింధు ఆమె భుజం మీద చెయ్యేసింది. వేసిన చెయ్యి వేసినట్టే బిగుసుకుపోయింది. కొత్త గచ్చు మీద ఆ పిల్ల కాళ్ల కింద నీళ్లు.

ఏడో నెల పిల్ల బతుకుతుంది, ఎనిమిదో నెల పిల్ల బతకదని మా దగ్గర అంటారు. ఆ ఇంట్లో ఉన్న ఆడవాళ్లందరి ముఖాల్లో అదే మాట కనిపించింది. ఎవరూ పైకి అనలేదు.

ఊళ్లో దవాఖానవాళ్లు పట్నం తీసుకుపొమ్మన్నారు. ఐలేష్ ఆటో ఎట్లా నడిపాడో వాడికే తెలియాలి. గుంతలో చక్రం పడ్డప్పుడల్లా సింధు పళ్లు బిగపట్టేది. కాశమ్మక్క రెండు చేతులనూ చంకల్లో దాచుకుని ఓ మూలకు ఒదిగి కూర్చుంది.

"పట్టుకో అక్కా, పిల్ల పడిపోతది!" అని అరిచాను.

"నా చెయ్యి వద్దు. నువ్వు పట్టు, సుసన్నా. నీ కాళ్లు మొక్కుత, నువ్వే పట్టు."

యేసయ్యా, యేసయ్యా అనుకుంటూ నేనే పట్టుకున్నాను. నాకు తెలిసిన ప్రార్థన ఒక్కటీ నోటికి రాలేదు.

ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. అరచేతిలో పట్టేంత పిల్ల. ఏడవలేదు, మూలిగింది. అద్దాల డబ్బాలో పెట్టారు. "ఇప్పుడే ఏం చెప్పలేం" అంది డాక్టరమ్మ. ఐలేష్, నేను అద్దంలోంచి చూసి వచ్చేవాళ్లం. కాశమ్మక్క మెట్ల మీదే కూర్చునేది. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపేది. నర్సు గట్టిగా ఎవర్ని పిలిచినా ఉలిక్కిపడి లేచేది. ఆ మెట్ల మీద ఆమె పక్కన కూర్చున్నన్నాళ్లు నేనూ ప్రతి అడుగు చప్పుడుకూ చచ్చిపోయాను.

కొన్నాళ్లకు పిల్ల ఒళ్లు చేసింది. డబ్బాలోంచి తీస్తామన్నారు. అప్పుడు సింధు, "అత్తమ్మను పిలువు చిన్నమ్మా, నా మంచం కాడికి వస్తలేదు" అంది. నేను పోయి కాశమ్మక్కను ఈడ్చుకొచ్చినంత పని చేశాను.

మంచం కాళ్ల దగ్గర నిలబడి తల దించుకుని చెప్పింది.

"నన్ను తిట్టు బిడ్డ. గా కొట్ల ఖాళీ తొట్టెల ఊపిన. తెల్వక ఊపిన, కని ఊపిన."

"నేను చూసిన అత్తమ్మా" అంది సింధు. "నీ మొఖం గూడ చూసిన. మామ పోయే ముంగట నాకు అంత చెప్పిండు, మీ అత్త నిన్నేమనేదో. గందుకే మీరు బయటికి పోంగనే నేను గూడ ఊపిన."

"ఏందీ?"

"నేను గూడ ఊపిన. ఏమన్నయితె ఇద్దరి మీదికి రావాలె. నీ ఒక్కదాని మీదికి కాదు."

కొంగుకు తుడుచుకున్న ఆ దుమ్ము అప్పుడు గుర్తొచ్చింది నాకు.

కాశమ్మక్క దించిన తల ఎత్తింది. తర్వాత లేచింది నోరు! "సిగ్గున్నదానె నీకు? కడుపుల పిల్లను పెట్టుకొని గా పని చేస్తవా? దానికేమన్నయితె? నీ అవ్వ నేర్పలేదానె నీకు? నా కోసమని నా మన్మరాలి మీదికి తెస్తవా, దొంగముండా!" వార్డంతా లేచి కూర్చుంది. తిడుతోంది, కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి, ఆగకుండా తిడుతోంది. కోడల్ని ఆమె తిట్టడం అదే మొదలు. సింధు కళ్లు మూసుకుని వింటోంది. కళ్లు మూసుకునే నవ్వుతోంది ఆ పిల్ల.

ఆ గోలకు నర్సు పరుగెత్తుకొచ్చింది. చేతిలో గుడ్డలో చుట్టిన పిల్ల. కుట్లు చీము పట్టి తల్లి ఇంకా లేవలేకపోతోంది కాబట్టి కాసేపు ఎవరైనా ఎదకు హత్తుకుని కూర్చోవాలంది. ఐలేష్ ఆటో దగ్గరున్నాడు. నేను చేతులు చాచబోయాను.

"చిన్నమ్మా, నువ్వు కాదు" అంది సింధు.

కాశమ్మక్క కుళాయి దగ్గరికి పోయి సబ్బుతో చేతులు కడిగింది. వాసన చూసుకుని, చేపల వాసన పోలేదని మళ్లీ కడిగింది. వచ్చి స్టూలు మీద కూర్చుని చేతులు చాచింది. నర్సు పిల్లను అందించి, "మెల్లగ పట్టుకో అవ్వా. ఊపొద్దు" అంది.

"ఊపను బిడ్డ" అంది కాశమ్మక్క. "ఊపనే ఊపను."