ఊపిరి పీలుస్తుంటే ముడుచుకుపోయిన వేళ్లు

ఈ రోజు పొద్దున్న చచ్చిపోతున్నాననే అనుకున్నాను. సాలూరులో మా బట్టల కొట్టుకు ఇది పెళ్లిళ్ల సీజన్. ఒళ్లు పులిసిపోయి, నిద్ర పట్టక, ఫోన్‌లో వీడియో చూసి డాబా మీద ప్రాణాయామం మొదలుపెట్టాను. అలసట తొందరగా పోవాలని ఊపిరి గబగబా పీల్చి వదిలాను. కాసేపటికి పెదాలు తిమ్మిరెక్కాయి. వేళ్లు వాటంతటవే లోపలికి ముడుచుకుపోయాయి, ఎంత లాగినా తెరుచుకోలేదు. పక్షవాతమే అనుకుని, భయంతో ఇంకా వేగంగా రొప్పాను.

బట్టలు ఆరేయడానికి వచ్చిన మా అత్త బకెట్ వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"ఒసే, ఏటైపోనాదే నీకు?"

"సేతులు పడిపోనాయత్తా! పిల్లల్ని సూసుకో."

"నోర్ముయ్యి. నేనున్నాను గదా. నా ఊపిరి ఇను, నువ్వూ అలగే నెమ్మదిగా ఇడు."

నా వెనక కూర్చుని నన్ను గుండెలకు ఆనించుకుంది. వేళ్లు ఒక్కొక్కటే నిమిరింది. మెల్లగా అవి విచ్చుకున్నాయి. మరీ వేగంగా ఊపిరి తీయడం వల్లే అలా అయిందని తర్వాత డాక్టరు చెప్పారు.

భయం తగ్గాక తెలిసింది, నా వీపుకు ఆనిన అత్త గుండె దడదడా కొట్టుకుంటోందని. ఊపిరి మాత్రం నా కోసం నిదానంగానే వదులుతోంది.

ఫోన్ చూసి ప్రాణాయామం చేసేవాళ్లు మీలో ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే పక్కన ఒక అత్తను కూర్చోబెట్టుకోండి.