గోడ మీది నాలుగు విత్తనం పిడకలు

మమ్ముల కన్న అవ్వ చనిపోయిన ఏడు మా ఇంటెనుక గోడకు నాలుగు పిడకలుండె. పొయ్యిల పెట్టే పిడకలు కావు, విత్తనం పిడకలు. ఆ నాలుగిట్ల ఒక్కటన్న గోడ మీద ఉంచి పోతే ఇయ్యాల నా చెల్లె ముందట తలెత్తుకొని నిలబడుదును. ఉంచలే. నాది మొండి తల, కోపం జర ఎక్కువ, ఒకలు చెప్తే వినే గుణం చిన్నప్పటిసంది లేదు.

మాది చొప్పదండి దగ్గర పల్లె. సొరకాయను మా దిక్కు ఆనిగెపుకాయ అంటం. మా అవ్వ పెట్టే ఆనిగెపు తీగ ఊర్ల ఇంకెవ్వలింట్ల లేకుండె. కాయ పొట్టిగ, గుండ్రంగ ఉండి మెడకాడ కొంచెం వంగేది. పెసరపప్పేసి వండితే మా బాపు ఇంకో ముద్ద కలుపుకునేటోడు. మొదటి కాపుల మంచి కాయ ఒకటి చూసి దాని తొడిమెకు ఎర్రబట్ట పేలిక కట్టేది అవ్వ. పేలిక కట్టిన కాయను ఎవ్వలు తెంపొద్దు. ఒకపారి నేను తెలువక తెంపితే చీపురుకట్ట పట్టుకొని వాడకట్టంత ఉరికిచ్చింది. ఆ కాయ తీగ మీదనే ఎండాలె. ఎండినంక పగలగొట్టి, గింజలు తీసి, బూడిదల పొర్లిచ్చి, ఆవుపేడల కలిపి గోడకు కొట్టేది. పురుగు పట్టకపోతుండె, ఎలుక ముట్టకపోతుండె.

తొలి వానల మిరుగం కార్తె ముందర నా చెల్లె వస్తుండె. ఆమెను చెన్నూరు దిక్కు ఇచ్చినం. ఏటేటా విత్తనాలకని వచ్చి రెండు దినాలుండి పోతుండె. పోయేటప్పుడు గడపల నిలబడి కొంగు పట్టేది. విత్తనం చేతులకు ఇయ్యద్దు, ఆడబిడ్డ కొంగులనే పొయ్యాలె, గది మా ఇంటి పద్ధతి. అవ్వ పిడక పగలగొట్టి, గింజలు కొంగుల పోసి, తానే ముడేసేది. ఇగ ముడేసినంక ఇద్దరు ఏడుసుకుంట, నవ్వుకుంట గడపల్నే నిలబడేటోళ్లు. సెలవుల మీద నేను ఇంటికాడ ఉన్న ఏడు, "నాలుగు గింజలిచ్చుడు గింతసేపానే, బస్సు పోతది" అని గులుగుతుంటి.

నేను గల్ఫ్‌ల ఒక అరబ్బు సేటింట్ల తోటపని చేయవట్టి అప్పటికి పన్నెండేండ్లాయె. ఎండకాలం ఒకనాడు పొద్దుగాల అవ్వ వాకిలి ఊడ్సుకుంట ఊడ్సుకుంట పడిపోయిందట. చెల్లె ఉరికొచ్చింది, చివరి నీళ్లు ఆమెనే పోసింది. నేను దిగేసరికి ఐసుపెట్టెల పెట్టి నా కోసం ఆపిండ్రు. అద్దంలకెళ్లి చూసిన అవ్వ మొఖం. గా చూపు చూపేనా?

దినాలైనంక చెల్లె బయలెల్లింది. చావింటి నుంచి నెల తిరగకముందు ఆడబిడ్డ విత్తనం పట్కపోవద్దంటరు మా దిక్కు. అందుకని కొంగు పట్టలే. ఎనుకకు పోయి గోడను ఒకపారి చూసొచ్చి, "అన్నా, మిరుగం ముందర వస్త. నా పాలు రెండు పిడకలు గోడ మీదనే ఉండనియ్యి" అన్నది. "ఉంటయి తియ్యవే, యాడికి పోతయి" అన్న నేను.

నేను పోయేనాడు సంచి సదురుతుంటే నా చూపు ఆ గోడ మీద పడ్డది. సేటు తోటల ఒక మూలకు ఇనుప పందిరి ఉత్తగ పడున్నది. అక్కడ అవ్వ తీగ పారితే ఎట్లుంటది అనుకున్న. కొడవలి పెట్టి ఒకటి లేపిన, రెండోది లేపిన. మూడోదానికి పోతే నా పెండ్లాం అడ్డమొచ్చింది. "ఏమయ్యా, గవి ఆడబిడ్డ పాలు. చెప్పిపోయింది గదా!"

"అక్కడ పెడితే సంచెడు గింజలైతయి. చెల్లెకేంది, వాడకట్టందరికి నువ్వే పంచుదువు. గోడకు ఉంచితే వానకు నాని కరాబైతయి, ఏమెరుక నీకు" అని ఎగిరిన. నాలుగు లేపిన.

నిజం చెప్పాల్నంటే, గింజల మీద ఆశ ఒక్కటే కాదు. అవ్వ పానం పోయేటప్పుడు చెల్లె ఉన్నది, నేను లేను. అవ్వది ఏదన్న ఒకటి మొత్తం నాకే ఉండాలె అన్న కుళ్లు మనసుల ఉండె. ఇన్నేండ్లకు ఒప్పుకుంటున్న.

పిడకలను అవ్వ పాతచీర ముక్కల చుట్టి, సకినాలకు, మామిడికాయ తొక్కుకు నడుమ పెట్టిన. పన్నెండేండ్ల సంది తొక్కు పట్కపోతున్న, ఎవ్వడు ఏమనలే. ఇవి కూడ గట్లనే పోతయనుకున్న. అడగనీకి చదువుకున్నోళ్లు ఊర్ల లేరా? ఉన్నరు. నేను అడిగితే గదా!

అక్కడ దిగినంక సంచి మిషిన్లకెళ్లి పోయింది, పక్కకు తియ్యమన్నరు. చేతులకు తొడుగులేసుకున్న ఆఫీసరు మూట ఇప్పి, ఏందిదని ఉర్దూల అడిగిండు. నేను పెద్ద తెలివిమంతుని లెక్క ఒక పిడకను అక్కడనే ఇరిచి, గింజలు బయటికి తీసి చూపిచ్చిన. పేడపొట్టు ఆయన బల్ల మీదంత రాలింది. "ఫికర్ చెయ్యకు సార్, మంచి ఆవుపేడ, పురుగు పట్టది" అన్న. ఆయన రెండడుగులు ఎనుకకు జరిగిండు.

విత్తనం రావాల్నంటే మీ దేశపు వ్యవసాయ ఆఫీసరు పరీక్ష చేసి, తెగులు లేదని రాసిచ్చిన కాయితం ఉండాలె అన్నడు. పేడకు, మట్టికి అయితే ఏ కాయితం నడువది అన్నడు. పేడ కడిగేస్త అన్న. పది గింజలే ఇయ్యి అన్న. ఒక్కటే ఇయ్యి అన్న. "మా అవ్వది సార్" అని అక్కడ అందరి ముందట ఏడ్సిన. ఆయన చెడ్డోడు కాదు. కుర్చీ చూపిచ్చి జరసేపు కూసోమన్నడు, నీళ్ల సీసా ఇచ్చిండు. కానీ పిడకలు, చీర ముక్క, బల్ల మీది పొట్టుతో సహా ఊడ్సి పసుపుపచ్చ సంచిల ఏసి మూతి బిగిచ్చిండు. కాలవెడ్తరట. నాతోని ఒక కాయితం మీద సంతకం పెట్టిచ్చుకున్నడు. తొక్కు, సకినాలు వాపసిచ్చిండు.

ఆయనను తిడుదామంటే నోరు రాలే. సేటు తోటల ఖర్జూర చెట్లకు ఎర్రపురుగు పడితే, బోదెకు బెజ్జాలేసి మందు పోసేది నేనే. నిలువెత్తు చెట్టు లోపల గుల్లయి ఒకనాడు కూలిపోతది. ఆ పురుగు మన దిక్కుల నుంచే మొక్కల ఎంబడి వచ్చిందంటరు. రూలు ఎందుకున్నదో నాకంటే ఎక్కువ ఎవ్వనికి ఎరుక? తప్పు నాదే.

నెల దాక చెల్లెకు చెప్పలే, పానం ఒప్పలే. మిరుగం దగ్గరికొచ్చినంక ఆమెనే ఫోన్ చేసింది, ఎల్లుండి మనింటికి పోతున్న అన్నా, వదినెకు చెప్పు అని. ఇగ దాస్తే ఆమె బస్సెక్కి వచ్చి ఉత్త గోడను చూస్తదని మొత్తం చెప్పిన.

"ఒక్కటన్న ఉంచకపోతివా అన్నా" అన్నది.

"ఎన్నేండ్ల సంది పట్కపోయినవు గదనే, నీ తీగకు కాసిన కాయల గింజలు నీ తాన లేవా?" అని అడిగిన. అదే నా ఆఖరి ఆశ.

"ఎందుకుంటయి అన్నా? నేనెన్నడు పేలిక కట్టలే. గింజలు నేనే దాసుకుంటే, అవ్వ తానికి ఏం బహానా పెట్టుకొని రావాలె? విత్తనాలకంటేనే మా అత్త తోలిచ్చేది" అన్నది.

ఫోన్ చెవికాడ పెట్టుకొని ఆ ఉత్త పందిరి కిందనే కూసున్న. ఆ ఎల్లుండి ఆమె రాలే. విత్తనాలు చెన్నూరు దుకాణంల దొరుకుతయి, గంత దూరం ఎందుకన్నదట అత్త.

మల్ల అవ్వ ఏడాదికి నేను సెలవు పెట్టి వచ్చిన, చెల్లె కూడ వచ్చింది. పొద్దుగాల వచ్చి సాయంత్రం బస్సుకు తయారైంది, ఒక్కపూటకే తోలిచ్చిండ్రు. ఇంటెనుకకు పోయింది. గోడ మీద పిడకలు లేపినకాడ నాలుగు గుండ్రటి మరకలు ఇంకా ఉన్నయి. నన్ను తిడితే నాకు జర పానం నిమ్మలంగుండు.

నేను కరీంనగర్ దుకాణంల కొన్న సొర విత్తనాల పొట్లం తెచ్చి ఆమె సంచిల పెట్టిన. "మంచిదన్నా" అన్నది. సంచి భుజానికేసుకొని గడప దాక పోయి, ఎనుకకు మర్రి, రెండు చేతుల కొంగు పట్టి నిలబడ్డది. అలవాటున పట్టింది. నేను ఉత్త చేతులతోని ఆమె ముందట నిలబడ్డ. అప్పుడు యాదికొచ్చినట్టుంది, ఆ కొంగుతోనే మొఖం తుడుసుకొని, "పోయొస్త అన్నా, బస్సు పోతది" అన్నది.