అన్నీ నార్మలే అన్నారు

సోషల్ మేడమ్ పోయారన్న కబురు నాకు స్కూలు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. సోమవారం పొద్దున స్కూలుకు తయారవుతుంటే ఫోను మోగింది. 'మన సోషల్ మేడమ్ గారు ఈ తెల్లవారుజామున గుండెపోటుతో ప్రభువునందు నిద్రించారు' అని వైస్ ప్రిన్సిపాల్ పెట్టారు. కింద వరసగా దణ్ణాల బొమ్మలు. ఆ దణ్ణాల మధ్యలోనే ఎవరో అడిగారు, 'ఆవిడ ఫస్ట్ పీరియడ్ ఎవరు తీసుకుంటున్నారు?' అని. దానికి వెంటనే జవాబు కూడా వచ్చింది.

అదే వారం స్కూల్లో సంతాప సభ పెట్టారు. కరస్పాండెంట్ గారి గదిలోని మెత్తని కుర్చీ తెచ్చి వేదిక మీద వేసి, దానిమీద ఆవిడ ఫోటో నిలబెట్టి, చేమంతుల దండ వేశారు. ప్రిన్సిపాల్ గారు మైకు పట్టుకుని, "చివరి రోజు దాకా నిలబడే పాఠం చెప్పిన ఆదర్శ ఉపాధ్యాయిని" అన్నారు. పిల్లలు ఏడుస్తున్నారు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఆవిడ నిలబడలేదండీ, మీరు నిలబెట్టారు అని లేచి అరవాలనిపించింది. అక్కడ అనలేని మాట గనక ఇక్కడ రాస్తున్నాను.

ప్రైవేటు స్కూల్లో టీచర్లకు పేర్లుండవు, సబ్జెక్టులే పేర్లు. ఆవిడ సోషల్ మేడమ్, నేను హిందీ మేడమ్. ఇద్దరమే ఉన్నప్పుడు నన్ను ఉత్త "హిందీ" అనేవారు. ఆవిడది గుణదల, మాది భవానీపురం. నేను ఆ స్కూల్లో చేరిన కొత్తల్లో ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో నోట్సులు దిద్దుతూ, మధ్యమధ్యలో ఎడమ చేత్తో కుడి చెయ్యి పిసుక్కుంటున్నాను. ఎదురుగా ఉన్న ఆవిడ పెన్ను కింద పెట్టి అడిగారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏం లేదండీ, కొంచెం నొప్పి."

"కొంచెం అని నాకు కూడా చెప్పాలా?"

ఆవిడే మళ్ళీ అడిగారు. "పొద్దున లేచేసరికి అసలు పడుకోనట్టే ఉంటుందా? భుజం మీద పైట కూడా బరువేనా? మాట నోటిదాకా వచ్చి ఎటో పోతుందా?"

బెల్లు కొట్టినా నేను లేవలేకపోయాను. ఎంతమంది డాక్టర్ల దగ్గర ఎన్ని రక్తపరీక్షలు చేయించుకున్నా, ఈ మూడు ప్రశ్నలు ఎవరూ అడగలేదు. అందరూ రిపోర్టు చూసి అన్నీ నార్మలే అన్నారు. మా అమ్మీ దిష్టి తీసింది. మా ఆడపడుచు, "ఉద్యోగం మానేస్తే అదే పోతుంది" అంది. ఆ వారంలోనే మేడమ్ నన్ను తాను వెళ్ళే కీళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. నా జబ్బుకు పేరు దొరికింది, ఆవిడకున్న జబ్బే. ఫైబ్రోమయాల్జియా. కీళ్ళు బాగానే ఉంటాయి, ఎక్స్‌రే శుభ్రంగా ఉంటుంది, ఒళ్ళంతా మాత్రం నొప్పి. చిన్న నొప్పిని కూడా నరాలు పెద్దది చేసి మెదడుకు చెబుతాయని డాక్టరు గారు వివరించారు.

బయటికొచ్చాక మేడమ్ అన్నారు, "మా చర్చి మైకు లాంటిదే హిందీ ఇది. లోపల చెప్పేది చిన్న మాటే, సౌండు మాత్రం ఊరంతా."

ఆ రోజు నేను నవ్వాను. ఆ నొప్పి మొదలయ్యాక అలా నవ్వడం అదే మొదటిసారి.

ఈ జబ్బుతో రోజు ఎలా గడపాలో నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆవిడ బకెట్ ఎప్పుడూ నిండా పట్టేవారు కాదు, సగమే. కుక్కరు చిన్నది. బట్టల తాడు నడుం ఎత్తున కట్టించుకున్నారు, చెయ్యి పైకి లేపక్కర్లేకుండా. అత్తగారు మాత్రం వచ్చినవాళ్ళందరికీ దాన్ని చూపించి, "మా కోడలి బద్ధకం చూడండి" అనేవారట. స్కూల్లో టీచర్లందరూ చీరే కట్టుకోవాలి. గంజి పెట్టిన చీర తగిలితే ఆవిడ ఒంటికి ముళ్ళు గుచ్చుకున్నట్టుండేది. అందుకని మంగళగిరిలో చీర కొని, ముందు వాళ్ళ చెల్లెలికి ఇచ్చేవారు. చెల్లెలు కట్టి, ఉతికి, మెత్తబడ్డాక తిరిగి తీసుకునేవారు. "అందరూ పాతవి చెల్లెళ్ళకిస్తారు, నేను కొత్తవిస్తాను. మా చెల్లెలి అదృష్టం చూశావా" అనేవారు.

నేనొకసారి ఆదివారం ఇల్లంతా కడిగేసి, సోమవారం మెట్లెక్కలేక గోడ పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు చీవాట్లు పెట్టారు. "ఓపిక మున్సిపాలిటీ పంపు లాంటిది. వచ్చింది గదా అని వాకిలి కడిగేస్తే, సాయంత్రం తాగడానికుండదు."

క్లాసులో ఒక్కోసారి ఆవిడకు మాట తట్టేది కాదు. ఏళ్ళ తరబడి చెప్పిన పాఠంలోనే రాజు పేరు మాయమైపోయేది. అప్పుడు తడుముకోకుండా పిల్లలవైపు తిరిగి, "ఎవరా రాజు? ముందు ఎవరు చెప్తారో చూద్దాం" అనేవారు. పిల్లలు పోటీలు పడి అరిచేవారు. సోషల్ మేడమ్ క్లాసంటే క్విజ్జులాగా ఉంటుందని వాళ్ళకు మహా ఇష్టం. పక్క క్లాసులో ఉన్న నాకు ఆ అరుపు వినపడినప్పుడల్లా గుండె చివుక్కుమనేది.

సలహాలకు లోటు లేదు. నల్లేరు పచ్చడి తినమన్నారు, ఆవనూనె రాయమన్నారు, బరువు తగ్గమన్నారు, పనేం లేక ఆలోచించడం వల్లేనన్నారు. పొద్దున్నే లేచి వంట చేసి, బడికొచ్చి, సాయంత్రం ట్యూషన్ చెప్పే మనిషికి పనేం లేదట! ఒక ఏడాది అత్తగారి పోరు పడలేక మేరీమాత ఉత్సవంలో కొండ మెట్లన్నీ ఎక్కారు. ఆ తర్వాత వారమంతా మంచం మీదే. చూడ్డానికి వెళితే, "మాతతో నాకేం గొడవ లేదు హిందీ. గొడవంతా మెట్లతోనే" అన్నారు. మొహం గోడవైపు తిప్పుకుని అన్నారు ఆ మాట.

ఒకరోజు ఆవిడ కుడి చేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా క్రేప్ బ్యాండేజీ కట్టుకుని వచ్చారు. నేను కంగారుపడి ఏమైందని అడిగాను. మాట్లాడకుండా ఉండమని కళ్ళతోనే సైగ చేశారు. ఆ రోజు సిటీ బస్సులో ఎవరో లేచి సీటిచ్చారట. ఆఫీసు క్లర్కు పరిగెత్తుకొచ్చి సంచి అందుకున్నాడు. ప్రిన్సిపాల్ గారు స్వయంగా, "అయ్యో, బోర్డు మీద రాయకండి మేడమ్, పిల్లల చేత రాయించండి" అన్నారు. లంచ్ టైములో తలుపు దగ్గరగా వేసి, ఆవిడ ఆ కట్టు విప్పారు. చెయ్యి మామూలుగానే ఉంది.

"ఏమీ కాలేదు. ఇవాళ నిన్నటికన్నా నొప్పి తక్కువే" అన్నారు. "చూశావా, అబద్ధం కట్టుకొస్తే గాని నిజం నమ్మలేదు."

నేను నవ్వబోయి ఆవిడ మొహం చూసి ఆగిపోయాను. ఆ కట్టు మళ్ళీ ఎప్పుడూ కట్టలేదు. రోజూ కట్టుకు రావచ్చు గదా అని నేనంటే, "నా నొప్పికి వేషం వెయ్యాలా? నా వల్ల కాదు" అన్నారు.

ఆ ఏడాదే మా స్కూల్లో క్లాసు గదుల్లోంచి కుర్చీలు తీసేశారు. టీచరు కూర్చుంటే క్లాసు నిద్రపోతుందని కరస్పాండెంట్ గారి సిద్ధాంతం. గదికొక కెమెరా కూడా పెట్టారు. మేడమ్ గోడకు ఆనుకుని పాఠం చెప్పేవారు. వీపంతా సున్నం అంటుకునేది. ఒకరోజు నడుం పట్టేసి, ముందు బెంచీలో పిల్లల పక్కన కాసేపు కూర్చున్నారు. సాయంత్రం ఆఫీసుకు పిలుపొచ్చింది. తోడుగా నేనూ వెళ్ళాను.

"కెమెరాలో చూశాను మేడమ్" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"పాఠం చెప్పడం కూడా కనపడిందా సార్?"

"అది కాదండీ. మీకొక్కరికి కుర్చీ వేస్తే అందరూ అడుగుతారు."

"అడగనివ్వండి సార్. అందరికీ కాళ్ళున్నాయిగా."

ఆయన నవ్వలేదు. రిపోర్టులు తెమ్మన్నారు. మర్నాడు మేడమ్ ఫైలు తెచ్చి ముందు పెట్టారు. ఆయన ఒక్కో కాగితం తిప్పి, "అన్నీ నార్మలేగా!" అన్నారు. కీళ్ళ డాక్టరు రాసిన జబ్బు పేరు రెండుసార్లు చదవబోయి వదిలేశారు. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ కుర్చీ అడగలేదు. బయటికొచ్చి నాతో ఒకే మాటన్నారు. "నొప్పి భరించడం పెద్ద పని కాదు హిందీ. అది ఉందని రుజువు చెయ్యడమే పెద్ద పని. ఉన్న ఓపికంతా దానికే పోతోంది."

ఇక ఆ శనివారం సంగతి చెప్పాలి.

ఒంటిపూట బడి అయిపోయింది. గేటు దగ్గర మేడమ్ స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నారు. మొహమంతా చెమట. "దవడ లాగుతోంది హిందీ. వీపు మధ్య బండ పెట్టినట్టుంది. కడుపులో తిప్పుతోంది" అన్నారు.

"ఎండకి ఎక్కువైందేమో మేడమ్, కాసేపు కూర్చోండి."

"కాదు. నా నొప్పులన్నీ నాకు తెలుసు, ఏళ్ళ తరబడి కాపరం చేస్తున్నాను. ఇది వాటిలోది కాదు. ఇది కొత్తది."

ఆటో ఎక్కించి దారిలో కనపడిన ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డ్యూటీ డాక్టరు కుర్రాడే, మర్యాదస్తుడే. బీపీ చూశాడు, నాడి చూశాడు. పాత జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగాడు. మేడమ్ చెప్పారు. చెప్పగానే అతని మొహంలో ఏదో తేలికపడటం నేను చూశాను.

"అదేనమ్మా. దీంట్లో ఒక్కోసారి ఇలా ఎక్కువవుతుంది. ఇంజెక్షన్ ఇస్తాను, రెండు రోజులు విశ్రాంతి తీసుకోండి."

"బాబూ, ఇది ఆ నొప్పి కాదు" అన్నారు మేడమ్.

"పేషెంట్లందరూ అలాగే అనుకుంటారమ్మా."

నేను కల్పించుకున్నాను. "సార్, ఆవిడకు తేడా తెలుస్తుందండీ. ఒకసారి ఈసీజీ తీయించండి. నాకూ అదే జబ్బు, మాకు తెలుస్తుంది సార్."

"మీకూ అదేనా?" అని నవ్వాడు.

దుర్మార్గపు నవ్వు కాదు అది. నొప్పి నొప్పి అనే ఇద్దరు ఆడవాళ్ళు ఒకే ఆటోలో దిగితే వచ్చే నవ్వు. నేనా మాట అనకుండా ఉంటే ఈసీజీ తీసేవాడేమో, నాకు తెలియదు. మేడమ్ భర్తకు ఫోను చేస్తే ఆయనా అదే మాట. "ఎప్పుడూ ఉండేదేగా అమ్మా. డాక్టరే చెప్పాడంటున్నారుగా, ఇంటికి తీసుకొచ్చెయ్యండి."

నేను మళ్ళీ కౌంటరు వైపు వెళ్ళబోతే మేడమ్ నా చెయ్యి పట్టుకున్నారు. "పద హిందీ, ఇంటికెళ్దాం. నాకు నొప్పిగా ఉంది నాయనా అని ఇంకొకరిని బతిమాలే ఓపిక నాకు లేదు."

ఆటోలో నా భుజం మీద తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. ఆ భుజం నాకు ఎప్పుడూ నొప్పే. ఆ సంగతి తెలిసిన మనిషి గనక, కాసేపటికి తనే తల ఎత్తి అటువైపు ఆనుకున్నారు.

ఆదివారం ఫోను చేస్తే, "ఇంజెక్షన్‌కి కాస్త తగ్గింది. చర్చికి వెళ్ళలేదు" అన్నారు. గొంతు బాగా నీరసంగా ఉంది. మర్నాడు తెల్లవారకముందే పడిపోయారట. ఈసారి పెద్దాసుపత్రిలో అన్ని పరీక్షలూ అడక్కుండానే చేశారు. అప్పటికే ఆలస్యమైంది.

నేను వెళ్ళేసరికి ఇంటి ముందు షామియానా వేశారు. ఆవిడ భర్త నన్ను చూసి లేచి వచ్చారు.

"ఈసారి రిపోర్టులో తేడా వచ్చిందమ్మా. శనివారమే మొదలైందన్నారు" అన్నారు. మళ్ళీ ఆయనే, "అంటే నిజంగానే నొప్పన్నమాట" అన్నారు.

నిజంగానే! ఇన్నేళ్ళుగా సగం బకెట్లు మోసిందీ, చీరలు మెత్తబరుచుకుందీ, గోడలకు ఆనుకుందీ మరి దేనికి? ఆవిడ కోరుకున్న నమ్మకం చివరికి దొరికింది. అది కూడా వేరే జబ్బు ఖాతాలో. లోపల పాటలు పాడుతున్నారు. నా పక్కనున్నావిడ కళ్ళు తుడుచుకుంటూ, "పోనీలెండి, ఇక నొప్పుల్లేవు పాపం" అంది. అందరికీ ఆ నొప్పుల మీద ఒక్కసారిగా నమ్మకం కుదిరింది.

సాయంత్రం సమాధుల తోటకు వెళ్ళాం. ప్రార్థన అయింది, మట్టి వేశాం. స్కూలు తరఫున తెచ్చిన పెద్ద పూలచక్రాన్ని తలవైపు నిలబెట్టారు. తవ్వి పోసిన మట్టి వదులుగా ఉండటంతో దాని కర్రకాళ్ళు దిగబడి, అది పక్కకు వాలిపోయింది. ఆవిడ భర్త వంగి దాన్ని సరిచేశారు. మళ్ళీ వాలింది. ఇటుకముక్క ఆనించారు, అయినా వాలింది. ఎవరో, "పడుకోబెట్టెయ్యండి సార్, ఫర్లేదు" అన్నారు. ఆయన వినిపించుకోలేదు. రెండు చేతులతో దాన్ని నిటారుగా పట్టుకుని అక్కడే నిలబడ్డారు.

జనం ఒక్కొక్కరే కదిలారు. నేను గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగి చూశాను. తోటలో ఇంకెవరూ లేరు. ఎండ ఇంకా తగ్గలేదు. ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ, ఆ పూలచక్రాన్ని పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు.