మూడడుగుల బండి, రెండున్నర అడుగుల సాలు

దూలయ్య దవాఖానాలో ఉండగా అతని ఎడ్లను బావమరిది వెంకటనారాయణ సంతకు తోలి అమ్మేశాడు. దూలయ్య ఇంటికి వచ్చేసరికి కొట్టంలో చిన్న ట్రాక్టరు నిలబడి ఉంది. ముందు బంతిపూల దండ, వెనక దుక్కి మట్టిని చిదిపే ఎర్రటి రోటవేటరు.

"ఎడ్లకు రోజూ మేత పెట్టాలె బావా. ఇది పనిజేసిన నాడే తింటది," అన్నాడు వెంకటనారాయణ.

దూలయ్య ఎడ్ల పలుపుతాళ్లు ఎక్కడ పెట్టావని భార్య చిన్నక్కను అడిగాడు, అంతే.

కారేపల్లి దాటి అడవి అంచుకు పోయే దారిలో ఉంటుంది మా ఊరు. దూలయ్య మా పక్కింటివాడు, వరసకు మామ. సొంత భూమి లేదు. వెంకటరామారావు గారి రేగడిని కౌలుకు చేస్తాడు. ఆయన పెద్దలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. ఆయన చేలోకి దిగడు. రోడ్డు మీద కారు ఆపి, అద్దం దించి చూస్తాడు. ఆ ఏడు ముందే చెప్పాడు: "అందరూ ఆయిల్‌పామ్ పెట్టమంటున్నారు దూలయ్యా. నీ పత్తి నిండుగా ఉంటేనే పై ఏడు భూమి నీకు." ఆ కారు అద్దంలోంచి చేను ఎలా కనబడుతుందన్న దాని మీద మామ బతుకు ఆగి ఉంది.

ట్రాక్టరు వెనక ఏం తగిలించాలో చెప్పేవాళ్లకు మా ఊళ్లో కరువు లేదు. షోరూం వాడు రోటవేటరు అన్నాడు. వెంకటనారాయణ ట్రాలీ కూడా ఉండాలన్నాడు. హోటల్ బెంచీ మీద కూచున్నవాళ్లు మందు కొట్టే పంపు అన్నారు. చేను చూసి చెప్పినవాడు ఒక్కడూ లేడు. రోటవేటరు దుక్కిని పిండి చేసింది, కాదనను. కానీ దాని పని విత్తేదాకానే. మొలక వచ్చాక పత్తికి కావలసింది సాళ్ల మధ్య గడ్డి కోసే గుంటక.

తొలకరి పడింది. మా దగ్గర పత్తి గింజ పెట్టే ముందు అచ్చు లాగుతారు. పొడుగాటి కొయ్యకు పళ్లు దిగేసి ఉంటాయి. నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి లాగితే నేల మీద గళ్లు పడతాయి. గీతలు కలిసిన చోట గింజ. ఊరందరికీ అచ్చు ఒకటే, అది దూలయ్య ఇంట్లో ఉంటుంది. అతని తాత చేయించినది. పళ్ల మధ్య రెండున్నర అడుగులు, ఎడ్ల గుంటకకు సరిపడా. పసుపు పూసి ముందు మామ లాగాలి, తర్వాతే ఊరు. దాని ఎడం మార్చడమన్నది ఎవరికీ తోచే సంగతి కాదు. ఆ ఏడు కూడా పసుపు పూశారు, లాగారు, గింజ పెట్టారు. ట్రాక్టరు చక్రాల వెడల్పు ఎవరూ చూడలేదు.

ముసురు పట్టింది. గడ్డి పత్తితో సమంగా లేచింది. కూలీలంతా నాట్లకు పోయారు. ఊళ్లో మిగిలిన ఎడ్లు వాటి యజమానుల చేలలోనే ఉన్నాయి. గడ్డిమందు కొడితే వాన కడిగేసింది. ట్రాక్టరు నడపడం వచ్చినవాణ్ణి నేనే కాబట్టి ఇద్దరం కారేపల్లిలో చాంద్ పాషా వెల్డింగు షాపుకు పోయాం.

"రోటవేటరంటే పెండ్లి షేర్వానీ లెక్క దూలన్నా," అన్నాడు పాషా దాన్ని విప్పుతూ. "ఒక్క దినం మంచిగుంటది. సాలు ఎంత ఎడం?"

"అచ్చు ఎడమే. రెండున్నర."

పాషా ఆ కొలతకే గుంటక చేసిచ్చాడు. చేలోకి దించితే గుంటక సాళ్ల మధ్య అమిరింది. చక్రాలు అమరలేదు. బండి వెడల్పు మూడడుగుల పైమాట. రెండు చక్రాలూ రెండు పక్కల మొక్కల మీదికి ఎక్కాయి. ఒక సాలును చక్రాల మధ్యకు తీసుకుని నడుపుదామంటే పత్తి మోకాలు దాటింది, బండి కింద తలలు విరుగుతాయి. కాస్త దూరం పోయి ఆపేశాను.

పక్క చేను సోమ్లా గట్టు మీద నిలబడి నవ్వాడు. "బండికి పెండ్లి జేసినవ్ గని, కాపురానికి ఇల్లు సూడకపోతివి దూలన్నా."

మామకు వినబడలేదేమో. మోకాళ్ల మీద కూచుని నలిగిన మొక్కలను ఒక్కొక్కటే లేపి నిలబెడుతున్నాడు. నేను చదివిన పుస్తకాల్లో రైతును వానో కరువో కూలుస్తుంది. అర అడుగు కూలుస్తుందని ఎవరూ రాయలేదు.

పాషాకు ఫోన్ చేశాం.

"మూడు సాళ్లకు ఒకటి పీకెయ్. బండికి తొవ్వ దొరుకుతది, రెండు సాళ్లన్న బతుకుతయ్."

"అయ్య రోడ్డు మీదికెల్లి జూస్తే సందులు కనబడతయి పాషా," అన్నాడు మామ.

"గడ్డి కనబడదా మరి?"

చిన్నక్క కొంగు నడుముకు చుట్టి మొదటి సాలులోకి దిగింది.

"గది ఇడువు. గది మంచిగ లేసింది," అన్నాడు మామ.

"అన్నీ మంచిగనే లేసినయ్. ఏది పీకాలెనో నువ్వే చెప్పు."

ఆమె పీకింది. మొగ్గ పట్టిన మొక్కలు. ఆమె వెనకే అతను వాటిని ఏరుకుంటూ పోయి, గట్టు వెంట గుంతలు తీసి నాటాడు. పొద్దు వాలేసరికి అన్నీ తలలు వేలాడేశాయి.

గుంటక నడిచింది. మిగిలిన జంట సాళ్ల మధ్య ఇరుకులో గడ్డి ఇద్దరూ చేతులతో తీశారు. చేను బతికింది. తర్వాత ఒకరోజు కారు ఆగింది, అద్దం దిగింది.

"ఇదేంటి దూలయ్యా, పళ్లూడిన దువ్వెనలాగుంది చేను?"

"గడ్డి దియ్యనీకి తొవ్వ జేసినం అయ్యా."

"ఉన్న మొక్కలు పీకి దారి చేసినవాణ్ణి నిన్నే చూస్తున్నాను." అద్దం పైకి లేచింది.

పత్తి ఏరడం అయిపోయిన తర్వాత ఆ రేగడిలో ఆయిల్‌పామ్ గుంతలు తీశారు.

మొన్న ఆ దారిన పోతుంటే మామ కనబడ్డాడు. ఇప్పుడు బండి అతనే నడుపుతున్నాడు, వెంకటరామారావు గారికి రోజు కిరాయికి. దూరదూరంగా ఉన్న ఆయిల్‌పామ్ మొక్కల మధ్య గుంటక తోలుతున్నాడు. నన్ను చూసి ఇంజను ఆపాడు. ఎలా ఉన్నావని అడిగాను. చేతిని చేను చుట్టూ తిప్పి చూపించాడు.

"జాగ మస్తుగుంది పిల్లగా. ఎటు తిప్పినా ఏదీ తగుల్తలేదు. నాది గాదు, గంతే."