ఎర్రపేలిక కట్టిన సీసా

మా వాడలో సంతోషమ్మ కొట్టు తెలియనివాళ్ళు లేరు. మందమర్రి బొగ్గుగని కాలనీలు దాటాక, బస్సు తిరగని మట్టిబాట చివర, మా మెథడిస్టు చర్చికి ఎదురుగా ఉన్న రేకుల షెడ్డు అది. ఉప్పు, పప్పు, సబ్బులు, బీడీలు, వాటితోపాటు సీసాల్లో పోసిన పెట్రోలు. సీసా పెట్రోలు అమ్మడం చట్టం ఒప్పుకోదని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. కానీ బంకేమో మెయిన్ రోడ్డు మీద, మేమేమో ఇక్కడ. దారి మధ్యలో బండి ఆగిపోయినవాడికి చట్టం వచ్చి పెట్రోలు పోస్తుందా? ఆ కొట్టు పక్కనే నా కుట్టు మిషను. కాబట్టి ఆమె మంచీ చెడూ రోజూ చూసినదాన్నే, ఆమె నోటికి జడిసినదాన్నే.

ఆ కొట్టు వెనక అరలో, ఫినాయిలు డబ్బాల పక్కన, మెడకు ఎర్రపేలిక కట్టిన సీసా ఒకటి ఎప్పుడూ ఉండేది. అది అమ్మకానికి కాదు. అందరం దాన్ని ఆపతి సీస అనేవాళ్ళం. ఎవరికైనా పురిటినొప్పులు వచ్చినా, పిల్లలకు ఫిట్స్ వచ్చినా, ఏ వేళప్పుడైనా తలుపు కొట్టి "ఆపతి సీస" అంటే చాలు, తీసి చేతిలో పెట్టేది. ఎందుకని అడిగేది కాదు. అది ఆమె తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు. తీసుకుపోయినవాడు గండం గట్టెక్కాక సీసా నింపి, పేలిక మళ్ళీ కట్టి తెచ్చి పెట్టాలి. ఇన్నేళ్ళలో తేనివాడు లేడు.

ఈ కట్టుబాటు ఊరికే పుట్టలేదు. ఆమె భర్త తిమోతి గనిలో బదిలీ కార్మికుడు, ఎవరైనా డ్యూటీకి రాకపోతే ఆ పని చేసేవాడు. ఒక వానాకాలం ఇంటి వెనక కట్టెలు తీస్తుంటే పాము కరిచింది. పక్కింట్లో బండి ఉంది, నడిపే మనిషీ ఉన్నాడు, ట్యాంకులో మాత్రం చుక్క లేదు. తిమోతిని బండి మీద కూర్చోబెట్టి ఇద్దరు చెరోపక్క పట్టుకుని మెయిన్ రోడ్డుదాకా తోసుకుంటూ పోయారు. రోడ్డెక్కేసరికి తల వాలిపోయింది. "సీసెడు పెట్రోలుంటె నా మనిషి బతుకుతుండె" అని ఆమె ఇప్పటికీ అంటుంది. మామూలుగా వీధి చివరిదాకా వినిపించే ఆ గొంతు ఆ ఒక్క మాట దగ్గర మాత్రం లేవదు.

కొత్త సంవత్సరం ఆరాధన అయిన మర్నాడు ఫోన్లలో ఎవడిదో గొంతు తిరగడం మొదలైంది. ట్యాంకర్ల డ్రైవర్లు సమ్మె కట్టారట, ఇక నెల రోజులు పెట్రోలు రాదట. సమ్మె నిజమే. నెల రోజులన్నది ఎవడు పుట్టించాడో గానీ, వాడి నోట్లో మన్నుపడ! బంకు దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. ఎప్పుడూ ఒక్క లీటరు కొట్టించుకునేవాడు ఆ రోజు ఫుల్ ట్యాంకు అన్నాడు. బండే లేనివాడు బామ్మర్ది బండికని డబ్బా పట్టుకొచ్చాడు. మామూలుగా అయితే రెండు మూడు రోజులు వచ్చే సరుకు మధ్యాహ్నానికల్లా ఊడ్చుకుపోయింది. 'నో స్టాక్' అని అట్ట వేలాడదీశారు. ఆ అట్ట ఫొటో మళ్ళీ ఫోన్లలో తిరిగింది, అది చూసి అప్పటిదాకా ఇల్లు కదలనివాళ్ళు కూడా డబ్బాలతో పక్క ఊళ్ళకు పరుగు తీశారు. పెట్రోలు ఎక్కడికీ పోలేదండీ. బంకులోంచి మా మంచాల కిందికి వచ్చింది, అంతే.

సంతోషమ్మ కొట్టు మీద కూడా పడ్డారు. ఆమె పైసా పెంచలేదు. "మనిషికొక సీస. లొల్లి పెడితే అది గూడ ఇయ్య" అంది. అందరికీ అందుతుందని ఆమె ఆశ. తీరా చూస్తే ఒక్కో ఇంటి నుంచి మొగుడు వచ్చాడు, అతను మలుపు తిరగ్గానే పెళ్ళాం వచ్చింది, ఆ తర్వాత కర్ర పొడుచుకుంటూ ముసలమ్మ వచ్చింది.

"నీకెందుకే ముసల్దానా పెట్రోలు? కర్రకు పోస్తవా?"

"మనిషికొక సీస అన్నవు గద, నేను మనిషిని కాదా?"

సంతోషమ్మకే నవ్వొచ్చి ఇచ్చేసింది. ఇళ్ళల్లో మనుషులు ఎక్కువున్నవాళ్ళకు సీసాలు ఎక్కువ పోయాయి, అవసరం ఉన్నవాళ్ళకు కాదు. అది మాకెవరికీ అప్పుడు తట్టలేదు. సాయంత్రానికి కొట్టులో ఆపతి సీస ఒక్కటే మిగిలింది.

అప్పుడొచ్చాడు ఆటో వాహెద్, మొహం వేలాడేసుకుని. మా వాడలో పౌలు అని రిటైరైన గని కార్మికుడు ఉన్నాడు. కిడ్నీలు రెండూ చెడిపోయి, వారానికి మూడుసార్లు మంచిర్యాలకు డయాలసిస్‌కు పోవాలి. వాహెద్ ఆటోలోనే పోతాడు. సూదులు గుచ్చడానికని ఆపరేషన్ చేసిన చెయ్యి బస్సు తొక్కిసలాటలో నలిగిందంటే మళ్ళీ ఆపరేషనే. వచ్చేటప్పుడైతే నిలబడే ఓపికే ఉండదు. ఇక ఆటోవాళ్ళు ట్యాంకు నింపి పెట్టుకోరు, ఏ పూట గిరాకీకి ఆ పూటే పోసుకుంటారు. అదే వాహెద్ కొంప ముంచింది. లైన్లో నిలబడి నిలబడి తన వంతు రాకముందే అట్ట వేలాడింది.

"అక్కా, జర ఆపతి సీస నాకు పెట్టు. రేపు పొద్దుగాల పౌలు మామను తీస్కపోవాలె. గా ఒక్క సీస ఉంటె పోయి రావచ్చు."

"నీకే పెడ్త పో. ఫికర్ చెయ్యకు" అంది సంతోషమ్మ.

వాహెద్ అటు వెళ్ళాడో లేదో, దీపాలు పెట్టే వేళకు రంజిత్ ఉరికొచ్చాడు. మా వాడలోని వినోద కొడుకు, ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు పని చేస్తాడు. ఒళ్ళంతా చెమట.

"అత్తా, ఆపతి సీస! అవ్వకు ఛాతిల నొస్తున్నది."

సంతోషమ్మ చెయ్యి ఒక్క క్షణం అర దగ్గర ఆగింది. రేపటి పౌలా, ఇప్పటి వినోదా? ఎందుకని అడగడం ఆమెకు అలవాటు లేదు, అనుమానించడం అసలే లేదు. తీసి ఇచ్చేసింది. "వాహెద్‌కు తెల్లారెటాళ్ళకు ఎక్కడన్న దొరుకుతదిలే. పానం మీదికొస్తె అడ్డం నిలబడ్తమా?" అని నాతో అంది. నేను తలూపాను.

మర్నాడు పొద్దున నల్లా దగ్గర వినోద పకపకా నవ్వుతూ బిందె ఎత్తుకుంటోంది. సంతోషమ్మ కొట్టు వదిలేసి గబగబా వెళ్ళింది.

"ఒదినే, ఛాతి నొప్పి తగ్గిందా?"

"నాకేం నొప్పి? గుండ్రాయి లెక్కున్న. ఎవలన్నరు?"

"నీ కొడుకు."

వినోద మొహం మాడిపోయింది. బిందె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వాడు బండేసుకొని డ్యూటీకి పోయిండు. రెండు నాగాలు పడితె పనిలకెల్లి తీసేస్తరని రాత్రంత ఒకటే భయం వానికి. నాకేం తెల్వదు ఒదినే, సీస ఏడ పెట్టిండో కూడ తెల్వదు."

సంతోషమ్మ అప్పటికే వెనక్కి తిరిగింది. ఇంటింటికీ పోయింది, నేనూ వెంట పోయాను. అడిగిన ప్రతిచోటా ఒకటే పాట: "ఎక్కడిదక్కా, నిన్ననే అయిపాయె." స్త్రీల సమాజం పెద్ద హెప్సిబా మంచం మీద కూర్చుని, కాళ్ళూపుకుంటూ అదే మాట చెప్పింది. మంచం కింద నుంచి పెట్రోలు గుప్పున కొడుతోంది. ఆ వాసన తెలియకుండా ఇల్లంతా ఫినాయిలు చల్లుకుంది మహాతల్లి! నాకు ఒళ్ళు మండిపోయింది. సంతోషమ్మ మాత్రం "పొయ్యికి దూరం పెట్టు, అంటుకుంటవు" అని గుమ్మం దిగింది.

ఈలోగా డయాలసిస్ వేళ దాటిపోయింది. పౌలు కూతురు మహిమ ఆస్పత్రికి ఫోను చేస్తే, సాయంత్రం ఆఖరి బెడ్డు మీద ఎక్కిస్తాం, ఎట్లాగైనా తీసుకురమ్మన్నారు. పౌలు కాళ్ళు ఉబ్బి నిగనిగలాడుతున్నాయి. పడుకుంటే ఊపిరాడడం లేదని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అంబులెన్సును పిలుస్తానని మహిమ ఏడిస్తే, "అది సావుబతుకులోళ్ళకు బిడ్డా. రేపు ట్యాంకరొస్తదట. ఒక్కనాటికి ఏం గాదు" అన్నాడు. ఆయనది చిన్నప్పటి నుంచీ అదే తంతు, ఎవరికీ బరువు కాకూడదు.

విషయం తెలిసి మధ్యాహ్నం ఎండ వాలగానే పౌలు ఇంట్లో ప్రార్థన కూటం పెట్టారు. వాడంతా వచ్చింది. మందమర్రి నుంచి మా చర్చి పాస్టరు డేవిడ్ అయ్యగారు బండి మీద వచ్చి గుమ్మం ముందు స్టాండు వేశారు. వాహెద్ తన ఖాళీ ఆటోలో బయటే కూర్చున్నాడు. డ్యూటీ దిగి వచ్చిన రంజిత్ గోడవారగా నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

అయ్యగారు కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. "ప్రభువా, నీ బిడ్డ పౌలుకు ఒక మార్గం తెరువు తండ్రీ. ఎక్కడి నుండైనా ఇంత ఇంధనం దయచేయి తండ్రీ." అందరూ చేతులెత్తి స్తోత్రం స్తోత్రమన్నారు. హెప్సిబా గొంతు అందరికన్నా పైన, కళ్ళవెంట నీళ్ళు కూడా. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. సంతోషమ్మ కళ్ళు మూసుకోలేదు. నేనూ మూసుకోలేదు కాబట్టే నాకు తెలుసు.

"ఆపుండ్రి అయ్యగారూ" అంది ఆమె, లేచి నిలబడి.

ఎత్తిన చేతులు దిగాయి.

"దేవున్ని ఎందుకు పరేషాన్ చేస్తున్నరు? ఆయన నిన్ననే ఇచ్చిండు. నా చేతులతోని నేనే పోసిన. హెప్సిబా, నీ మంచం కిందున్నయి. ఓ ముసల్దానా, నీ గంప కిందున్నది. ఇయ్యాల ఆకాశంల కెల్లి కురవాల్నా పెట్రోలు? మంచం కిందికెల్లి వస్తె దేవుడిచ్చినట్టు కాదా?" ఆమె బయటి బాటవైపు చెయ్యి చూపించింది. "నా మనిషిని తోసుకుంట పోయిన్నాడు ఎవల దగ్గర లేకుండె. నిజంగనే లేకుండె. ఒక్కల్ని తిట్టలే నేను. గిప్పుడు ఇంటింటికి దాసుకొని, పౌలన్న ముంగట కూసోని ఏడుస్తున్నరు. సిగ్గన్న లేదా?"

గోడకు ఆనుకున్న పౌలు ఆయాసపడుతూ చెయ్యెత్తాడు. "వద్దు చెల్లే. పిల్లలున్నోళ్ళు. వాళ్ళ భయం వాళ్ళకుంటది."

అప్పటిదాకా ఆమె తిట్టిన తిట్లన్నీ ఒక ఎత్తు, పౌలు అన్న ఆ ఒక్క మాట ఒక ఎత్తు. మొదట డేవిడ్ అయ్యగారే లేచారు. మొహమంతా ఎర్రబడిపోయి, బయటికెళ్ళి, పైపు తెమ్మని తన బండి ట్యాంకు మూత తీశారు. తర్వాత ఒక్కొక్కరూ జారుకున్నారు. పైటల కింద, తువ్వాళ్ళ కింద దాచుకుని సీసాలు తెచ్చి గుమ్మం ముందు పెట్టారు. వాహెద్ ఆటో ట్యాంకు నిండిపోయింది, ఇంకా అరుగు మీద వరసగా సీసాలు మిగిలే ఉన్నాయి. అందరికన్నా ఆఖర్న రంజిత్ తెచ్చిన సీసా మెడకు ఎర్రపేలిక అలాగే ఉంది. అతను మూతైనా తియ్యలేదు. బండిలో ముందే పెట్రోలు ఉంది, ఇది ఎందుకైనా మంచిదని పెట్టుకున్నాడట.

పౌలును ఎత్తి ఆటోలో కూర్చోబెట్టారు. ఆఖరి బెడ్డు దొరికింది, డయాలసిస్ ఎక్కించారు కూడా. కానీ నీరు ఊపిరితిత్తుల్లోకి చేరిందన్నారు. ఆ వారం దాటకుండానే పోయాడు. ఆలస్యం కావడం వల్లేనా అని మహిమ డాక్టరును అడిగిందట. ఆయన అవునని అనలేదు, కాదనీ అనలేదు.

అప్పటికి సమ్మె లేదు, ట్యాంకర్లు ఎప్పటిలాగే వస్తున్నాయి. సమాధుల తోటకు జనం బండ్ల మీద వచ్చారు, ఎక్కడ చూసినా బండ్లే. సంతోషమ్మ నడిచి వచ్చింది, నేను ఆమె వెంట నడిచాను.

భూస్థాపన అయిన కొన్నాళ్ళకు రంజిత్ కొట్టుకు వచ్చాడు. చేతిలో ఆ రోజు అరుగు మీద మిగిలిపోయిన ఆపతి సీసే, నిండుగా, మెడకు కొత్త ఎర్రపేలిక. "దీని జాగల దీన్ని పెట్టుకో అత్తా" అన్నాడు.

సంతోషమ్మ తిడుతుందనే నేను ఎదురుచూశాను. ఆమె తిట్టలేదు. గల్లా మీద చేతులు పెట్టుకుని అతని మొహంలోకి చూసింది.

"పని పోతదని భయపడ్డవు. గది నాకు ఎరికే. కాని బిడ్డా, ఇంకోసారి ఎవలన్న వచ్చి ఆపతి అంటె, వాని మొకంల అబద్ధం ఉన్నదేమోనని ఎతుకుత నేను. నాకు ఆ గుణం పట్టుకున్నది. ఇగ ఇది నా దగ్గరుండి ఏం లాభం?" సీసాను అతని వైపే జరిపింది. "మీ ఇంట్లనే పెట్టుకో. ఆపతున్నోళ్ళను నీ దగ్గరికే తోలుత. ఎందుకని మాత్రం అడగకు."

అతను తీసుకోక తప్పలేదు. మొన్న వెంకటి కోడలికి నొప్పులొస్తే వెంకటి అలవాటుగా కొట్టు దగ్గరికే పరుగెత్తుకొచ్చాడు. సంతోషమ్మ రంజిత్ ఇంటివైపు చెయ్యి చూపించింది. రంజిత్ తలుపు తీసి, ఏమీ అడగకుండా సీసా ఇచ్చాడు. వెంకటి బండి మలుపు తిరిగి పోయాక కూడా అతను లోపలికి పోలేదు. ఎదురుగా తాళం వేసి ఉన్న పౌలు ఇంటివైపు చూస్తూ, గడప మీదే కూర్చుండిపోయాడు.