రేకుల కింద మిద్దె

ఏటా తొలకరికి ముందు బొజ్జన్న గాడిదల మీద చౌడుమట్టి తోలుకొచ్చి, కల్లూరులో మట్టి మిద్దెల కప్పు పైన పరిచి, దిమ్మిసతో గట్టిగా కొట్టేవాడు. ఆ మట్టి ఉన్నంతకాలం లోపలికి వానా దిగదు, ఎండా దిగదు. ఇరవై ఏళ్లుగా అతని ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పనితోనే.

ఇంతలో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, పక్కనున్న కర్నూలుకు రాజధాని వచ్చింది. దాని వెంబడి నాగరికతా వచ్చింది. నాగరికతంటే రేకులని కల్లూరులో మొదట కనిపెట్టినవాడు మహానందిరెడ్డి. తాతలనాటి మిద్దె విప్పించి, దూలాలు సున్నపుబట్టీకి అమ్మి, ఇంటికి రేకులు కప్పించాడు. బాటన పోయేవాళ్లకు అవి కనపడడం లేదని వాకిట్లో వేపచెట్టు కొట్టించాడు.

"ఇంక నీ గాడిదలతో పని లేదప్పా," అన్నాడు బొజ్జన్నతో.

మరుసటేడు ఆ వీధిలో మరో నాలుగు మిద్దెలు పోయాయి. రెడ్డే కప్పించాక ఊరికి ఆలోచించే శ్రమ తప్పింది.

ఎండలు ముదిరాయి. రెడ్డి కిటికీలకు వట్టివేళ్ల తడికెలు కట్టించాడు. వాటిని తడపడానికి పొద్దస్తమానం చేదేసరికి బావి అడుగంటింది. రేకుల మీద కానుగమండలు వేయిస్తే, అవి ఎండి గాలికి వీధంతా ఎగిరాయి. అడిగినవాళ్లతో మాత్రం, "శానా చల్లగా ఉండాది," అనేవాడు మెడ తుడుచుకుంటూ.

చివరికి రెడ్డి భార్య రామలక్ష్మమ్మ బొజ్జన్నను పిలిపించింది.

"పెనం మీద రొట్టె మాదిరి కాలుతాండాం నాయనా. ఏదన్నా దారి చూడు."

"రేకులు తీస్తే మళ్లా మిద్దె ఏస్తానమ్మా."

"తీస్తే నా మర్యాద యాడ పెట్టుకోవాల?" అన్నాడు రెడ్డి లోపల్నించి. "రేకులు పైన ఉండనీ. కింద మిద్దె ఎయ్యి. బాట మీదికి కనపడగూడదు."

"టోపీ కింద తలగుడ్డ చుట్టినట్టా రెడ్డీ?"

"ఎట్లయినా చుట్టప్పా. నోరు మాత్రం మూసుకో."

బొజ్జన్న రేకుల కింద నిలబడి గోడలు కొలుస్తుంటే ఒక సంగతి తట్టింది. వాన తగలని చౌడు కరగదు. కరగనిదాన్ని ఏటేటా పరిచే పని లేదు. ఇప్పుడు బాగా చేస్తే ఈ గడప తను మళ్లీ తొక్కనక్కర్లేదు. పలచగా పరిచి నాలుగు దెబ్బలు తక్కువ కొడితే, రెండేళ్లకు మన్ను రాలుతుంది, తనకు మళ్లీ కబురొస్తుంది.

ఆ మాట రోజంతా మనసులో తిప్పుకున్నాడు. అయినా తను వేసిన మిద్దె మనిషి నెత్తిన రాలిందన్న మాట పడలేక, రెడ్డి కొత్తగా కొనిచ్చిన దూలాల మీద చౌడు జానెడు మందాన పరిచి మూడు రోజులు దిమ్మిస కొట్టాడు.

ఇల్లు చల్లబడింది. బావిలో నీళ్లు నిలిచాయి. రెడ్డి అరుగు మీద కూర్చుని, "పాతబడేకొద్దీ రేకులే చల్లబడతాయప్పా," అని వీధికి బోధించాడు. వీధి మగవాళ్లు తలలూపారు. ఆడవాళ్లు పెరటిదారిన బొజ్జన్నకు కబురంపారు.

నాలుగిళ్లకూ అట్లాగే గట్టిగా వేశాడు. ఆ తర్వాతి తొలకరికి ఆ వీధి నుంచి ఎవరూ పిలవలేదు. రెండు గాడిదలను సంతలో అమ్మి, మిగిలిన రెంటితో కర్నూలులో గుమాస్తాలకు కడుతున్న కొట్టాలకు ఇసుక తోలాడు. వాటికీ రేకులే కప్పుతున్నారు. బొజ్జన్న చూశాడు. వాటి కింద ఎట్లా కాలుతుందో అతన్ని ఎవరూ అడగలేదు. ఇసుక దించి గాడిదలను వెనక్కి మళ్లించాడు.